రిమోట్ డాగ్ కాలర్ ఎలా పనిచేస్తుంది? కడప ట్రైనర్ ఒకరు దాన్ని ఎందుకు పక్కన పెట్టేశారు?

ఆన్‌లైన్‌లో "డాగ్ ట్రైనింగ్ కాలర్" అని సెర్చ్ చేస్తే రెండు మూడు వేల రూపాయలకే బోలెడు మోడల్స్ కనిపిస్తాయి. వందల మీటర్ల రేంజ్, వాటర్‌ప్రూఫ్, వంద లెవెల్స్... స్పెక్స్ చూస్తే డ్రోన్ రిమోట్ కొంటున్నట్టే ఉంటుంది. "ఇది కొనొచ్చా బ్రో?" అని అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు.

నా పని కోడ్ రాయడం. కుక్కల సంగతి కుక్కలతో పనిచేసేవాళ్లనే అడగాలి కాబట్టి, కడపలో నాకు తెలిసిన ఒక డాగ్ ట్రైనర్ అన్నతో మాట్లాడాను. ఆయన ఈ కాలర్లను కొన్నేళ్లు వాడారు. ఇప్పుడు షాక్ మోడ్‌ని పూర్తిగా మానేశారు. ఎందుకు మానేశారో తెలిస్తే ఈ గ్యాడ్జెట్ అసలు సంగతి కూడా తెలుస్తుంది.

లోపల ఏముంటుంది?

రెండు భాగాలు ఉంటాయి. మన చేతిలో రేడియో రిమోట్, కుక్క మెడకు రిసీవర్. రిసీవర్ నుంచి రెండు మెటల్ మొనలు బయటికి వచ్చి వెంట్రుకల మధ్యలోంచి చర్మాన్ని తాకుతాయి. సాధారణంగా మూడు మోడ్స్ ఉంటాయి: బీప్, వైబ్రేషన్, షాక్. కంపెనీలు మూడోదాన్ని "స్టాటిక్ స్టిమ్యులేషన్" అని మెత్తగా పిలుస్తాయి. చిన్న లిథియం బ్యాటరీ వోల్టేజీని సర్క్యూట్ బాగా పెంచి, అతి తక్కువ సేపుండే పల్సులుగా చర్మంలోకి పంపిస్తుంది. బాక్స్ మీద రాసిన రేంజ్ అడ్డు లేని మైదానం లెక్క. చెట్లు, గోడలు ఉంటే తగ్గిపోతుంది.

మొదట్లో: "ఇంకేం కావాల?"

కర్నూలు, కడప చుట్టుపక్కల కోతలు అయిపోయాక పొలాల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. ఊరి చివర ఇళ్లలో పెంచుకునే కుక్క వదులుగా ఉంటే మంద వెంట పడుతుంది. ఒక్క గొర్రెను కరిచినా కాపరికి నష్టం. రెండోసారి అదే జరిగితే కుక్క ప్రాణానికే ముప్పు. అన్న దగ్గరికి ఎక్కువగా వచ్చింది ఇలాంటి కేసులే.

"రెండొందల మీటర్ల దూరంలో ఉరుకుతాండే కుక్కకు మన పిలుపు యాడ వినపడతాదప్పా? బటన్ నొక్కితే ఆగతాంది. ఇంకేం కావాల అనుకున్యా" అన్నారు.

తర్వాత: లెవెల్ తగ్గించి చూడటం

కొన్నాళ్లకు కుక్క అరుపు ఆయనకే నచ్చలేదు. చెవి కొద్దిగా కదిలేంత తక్కువ లెవెల్ వెతికి, భుజం తట్టినట్టు వాడటం మొదలుపెట్టారు. ఇక్కడే హార్డ్‌వేర్ అడ్డం తిరిగింది.

లెవెల్ 20 అంటే వోల్టు లాంటి యూనిట్ కాదు, కంపెనీ ఇష్టం. ఒకరి 20 ఇంకొకరి 50 కావచ్చు. పైగా చర్మానికి ఎంత కరెంట్ అందుతుందో తడిని బట్టి, వెంట్రుకల మందాన్ని బట్టి, బెల్ట్ బిగుతును బట్టి మారుతుంది. ఎండలో పొడిగా ఉన్న కుక్కకు చాలని లెవెల్, అదే కుక్క కేసీ కెనాల్‌లో మునిగి వచ్చాక గట్టిగా తగలొచ్చు. డిస్‌ప్లే మీద నంబర్ మాత్రం అదే.

అసలు బగ్: తప్పు లేబుల్

మెషిన్ లెర్నింగ్ తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బటన్ నొక్కిన క్షణంలో కుక్క దేన్ని చూస్తుంటే షాక్‌కు అదే లేబుల్ అవ్వొచ్చు. మన ఉద్దేశం దాని డేటాలో లేదు.

అన్న చూసిన ఒక కుక్క గొర్రెల జోలికి పోవడం మానేసింది. కానీ గొంగడి కప్పుకొని కర్ర పట్టుకున్న మనిషి కనిపిస్తే మొరుగుతూ మీదికి పోవడం మొదలుపెట్టింది. "గొర్రెల్ని ముట్టుకోవద్దని చెప్దామనుకున్యాం. కాపరిని చూస్తే నొప్పి వస్తాదని అది నేర్చుకునింది."

పరిశోధనలు ఏమంటున్నాయి?

బ్రిటన్ ప్రభుత్వ నిధులతో లింకన్ యూనివర్సిటీ వాళ్లు 63 కుక్కలపై చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. పిలిస్తే రాకపోవడం, పశువుల వెంట పడటం లాంటి సమస్యలున్న కుక్కలవి. అనుభవమున్న ట్రైనర్లు కాలర్ వాడినా, కాలర్ లేని శిక్షణ కంటే నికరంగా మెరుగైన ఫలితం రాలేదు. కాలర్ గ్రూపులో ఒత్తిడి లక్షణాలు మాత్రం ఎక్కువ కనిపించాయి. అదే శిక్షణ వీడియోలను మళ్లీ విశ్లేషించి 2020లో ఇంకో పేపర్ వేశారు. బహుమతితో నేర్చుకున్న కుక్కలే తక్కువ ఆర్డర్లకు, త్వరగా మాట విన్నాయి. వేల్స్ 2010లోనే ఈ కాలర్లను నిషేధించింది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2024లో అమెరికాలో 19 కుక్కలపై జరిగిన అధ్యయనంలో, కదిలే ఎర వెంట పడటాన్ని కాలర్ ఒకటి రెండు సెషన్లలోనే ఆపింది. తిండి చూపించి నేర్పిన గ్రూపులు ఐదు సెషన్లలో ఆపలేకపోయాయి. షాక్ తగిలినప్పుడు కుక్కలు కుయ్యిమన్నాయి కూడా.

ఇదే అన్నను అడిగాను. "ఆపతాదప్పా, నేను కాదనను. నా చేతిలో ఉన్నంతసేపు ఫర్వాల్యా. ఇంటికి పోయినాక ఆ రిమోట్ పిల్లోల్ల చేతికి పోతాది, కోపం వచ్చినోల్ల చేతికి పోతాది. నేను కుక్కకు నేర్పగలను గానీ, ఆ బటన్ ఎప్పుడు నొక్కగూడదో ఇంట్లో అందరికీ నేర్పలేను."

నాకైతే ఇదే అసలు పాయింట్. ఫోన్ తప్పుగా వాడితే రీసెట్ కొట్టొచ్చు. కుక్క భయానికి ఆ ఆప్షన్ లేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నారు?

పది మీటర్ల పగ్గం, ఒక ఈల, ఉడికించిన చికెన్ ముక్కలు. ఎండ ముదరకముందే, పొద్దున్నే క్లాస్. ఈల వినగానే వెనక్కి వస్తే ముక్క దొరుకుతుంది. ముందు మంద కనిపించనంత దూరంలో మొదలుపెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా దగ్గరికి తీసుకెళ్తారు. ఎంత నేర్చుకున్నా మంద పక్కన మాత్రం పగ్గం విప్పరు. "టైమ్ ఎక్కువ పడతాది. ఓపిక లేనోళ్లు కుక్కను వదలకుండా కట్టుకోవాల, అంతే" అంటారు.

మరి కొనాలా?

షాక్ మోడ్ కోసమైతే వద్దు. అనవసరంగా జంతువుకు నొప్పి కలిగించడం మన 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా.

చెవులు వినపడని కుక్కను పిలవడానికి వైబ్రేషన్ పనికొస్తుంది. ముందు చేతిలో పెట్టి అలవాటు చేయండి, కొన్ని కుక్కలు దానికీ బెదురుతాయి. తప్పిపోతుందనే భయమైతే జీపీఎస్ ట్రాకర్ చూడండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, రోజంతా మెడకు వదిలేయకండి. ఆ మొనలు ఒకేచోట ఒత్తుకుంటే పుండ్లు పడతాయి. షాక్ లెవెల్ సున్నాలో పెట్టండి, బీప్ వినగానే ఒక ముక్క ఇవ్వండి. కొన్నాళ్లకు ఆ బీపే మీ ఈల అవుతుంది.

మీ ఊళ్లో మందల దగ్గర కుక్కల్ని ఎలా ఆపుతున్నారో కామెంట్‌లో చెప్పండి.