ఫోనుకి కరెంటెందుకురా? ఇంటి ఫోను చుట్టూ అపోహలు – వాస్తవాలు

తెనాలిలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. కిందటి వేసవిలో ఓ సాయంత్రం గాలిదుమారం లేచి వీధంతా కరెంటు పోయింది. సెల్లులో చార్జింగ్ అయిపోయింది. హాల్లో ముక్కాలిపీట మీద, అల్లిక గుడ్డ కప్పుకుని ఇంటి ఫోను ఉండనే ఉంది కదా అని రిసీవరు ఎత్తింది. చడీచప్పుడు లేదు. మర్నాడు పొద్దున్నే నన్ను పట్టుకుంది. "బిల్లు కట్టాను కదరా, డెడ్ ఎందుకయింది?" "కరెంటు లేదు కదా పెద్దమ్మా" అన్నాను. "ఫోనుకి కరెంటెందుకురా? ఇన్నేళ్లూ అక్కర్లేనిది ఇప్పుడెందుకొచ్చింది?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు. మారిన సంగతి ఆవిడకెవరూ విడమరిచి చెప్పలేదు, అంతే. ఏడాది కిందట ఓ కుర్రాడు వచ్చి, పాత తీగ పీకేసి, గోడకి తెల్లపెట్టె ఒకటి బిగించి, "అదే నంబరు, అదే ఫోనండీ" అని చెప్పి వెళ్లాడు. నంబరు అదే. ఫోనూ అదే. లైను మాత్రం అది కాదు. ఇంటి ఫోను ఉంచాలా, తీసేయాలా అని మన ఇళ్లలో జరిగే వాదనల్లో సగం ఈ ఒక్క సంగతి దగ్గరే దారి తప్పుతాయి.

అపోహ: కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగుతుంది

ఒకప్పుడు ఇది అక్షరాలా నిజం. రాగి తీగ మీద నడిచే ఫోను మన ఇంటి మీటరు మీద ఆధారపడదు. దానికి కావలసిన కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి ఆ తీగలోనే వస్తుంది, 48 వోల్టుల డీసీ. ఎక్స్ఛేంజీలో ఓ గది నిండా బ్యాటరీలు, వాటికి దన్నుగా డీజిల్ జనరేటరు. ఊరంతా చీకటైనా రిసీవరు ఎత్తగానే డయల్ టోన్ వినపడేది అందుకే. గంట మోగించడానికి మాత్రం ఇంకాస్త గట్టిగా, 75 వోల్టులకు అటూ ఇటూగా ఏసీ పంపుతారు. స్తంభమెక్కి జాయింటు వేసే లైన్‌మన్ చేతిలో తీగ ఉండగా సరిగ్గా అప్పుడే ఎవరైనా కాల్ చేస్తే చురుక్కుమనేది.

ఫైబర్ కథ వేరు. ఆ గాజుపోగులో ప్రయాణించేది వెలుతురు. దాన్ని మళ్లీ మాటగా మార్చి, మన పాత ఫోనుకి గంట మోగించే పని ఇంట్లో గోడకున్న పెట్టెది. కంపెనీవాళ్లు ఓఎన్‌టీ అంటారు, మనం మోడెం అంటాం. ఆ పెట్టె తినేది మన ఇంటి కరెంటే. ప్లగ్గులో కరెంటు పోయిన క్షణమే ఫోనూ పోతుంది.

దీనికి మందు లేకపోలేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఆ పెట్టె ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద ఉందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లలో ఫ్యాన్లకీ లైట్లకీ ఇచ్చి దీన్ని మర్చిపోతారు. ఇన్వర్టరు లేనివాళ్లకి చేతిలో ఇమిడే రూటర్ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొన్ని గంటలు లాగుతాయి. కొనేముందు ఒక్క ప్రశ్న మాత్రం మీ కేబుల్ ఆపరేటర్ని అడగండి: "మా ఇంటికీ మీ ఆఫీసుకీ మధ్య కరెంటుతో నడిచే డబ్బా ఏదైనా ఉందా?" సిసలైన ఫైబర్ అమరికలో వీధిలో ఉండే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. కానీ కొన్ని అపార్టుమెంట్లలో సెల్లారులో ఓ స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ఫ్లాట్లకి వైరు లాగుతారు. ఆ స్విచ్ ఆగితే మీ యూపీఎస్ నిండుగా ఉండీ లాభం లేదు.

"తుఫానొస్తే సెల్ టవర్లు పోతాయి, అప్పుడు ల్యాండ్‌లైనే దిక్కు" అనేది ఈ అపోహకి పెద్దన్న. సగం నిజం కాబట్టే ఇంతకాలం బతికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోవడం ఆ ఊరివాళ్లెవరూ మర్చిపోరు. టవరుకి బ్యాటరీ ఉంటుంది, చాలాచోట్ల జనరేటరూ ఉంటుంది, కానీ కరెంటు రోజుల తరబడి రాకపోతే, రోడ్డు మీద చెట్లు పడి డీజిల్ బండి కదలకపోతే అదెంతకాలం? అంతవరకూ ఒప్పుకుంటాను. అయితే నేలలో పూడ్చిన రాగి కేబులు వేరు, స్తంభాల మీద వేలాడే ఫైబర్ వేరు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే ఇంటర్నెట్టూ టీవీ ఫోనూ అంటూ ఊళ్లలోకి వచ్చినప్పుడు, ఖర్చు తగ్గించడానికి తీగని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఆ స్తంభం కూలితే దీపం, ఫోను రెండూ ఒకేసారి ఆరిపోతాయి. రాగి కేబులుకి గాలి భయం తక్కువేగానీ నీళ్లు పడవు. జాయింట్లలో తడి చేరితే ముందు గరగర, తర్వాత క్రాస్‌టాక్, ఆఖరికి డెడ్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగిన రోజుల్లో జనానికి కావలసింది ఇంకో రకం ఫోను కాదు, ఉన్న సెల్లుకి చార్జింగ్. వానల కాలంలో నిండుగా చార్జ్ చేసిన పవర్ బ్యాంకు ఒకటి ఇంట్లో ఉంటే చాలా ల్యాండ్‌లైన్ల పెట్టు.

అపోహ: ల్యాండ్‌లైన్లు అంతరించిపోతున్నాయి

అంకెలు దీనికి ఎదురు తిరుగుతున్నాయి. 2000 తర్వాత కొన్నేళ్లకి దేశంలో స్థిర ఫోన్లు 5 కోట్ల దాకా వెళ్లాయి. అక్కడి నుంచి జారి 2020 నాటికి 2 కోట్ల దగ్గర పడ్డాయి. ఇక అయిపోయిందనుకున్నారు. 2024 చివరికి మళ్లీ మూడున్నర కోట్లు దాటాయి. 2022 ఆగస్టులో జియో ఈ లెక్కలో బీఎస్ఎన్ఎల్‌ని దాటి మొదటి స్థానానికి చేరింది. జనానికి హఠాత్తుగా ఇంటి ఫోను మీద ప్రేమ పుట్టలేదు. వైఫై కోసం ఫైబర్ పెట్టించుకుంటే దాంతోపాటు ఓ ఫోను నంబరు ఉచితంగా వస్తోంది. తమకో ల్యాండ్‌లైన్ నంబరు ఉన్నట్టే తెలియని ఇళ్లు నాకే నాలుగు తెలుసు. పెట్టె వెనక ఫోను తీగ దూర్చే చిన్న బొక్క ఖాళీగా ఉంటుంది. అటకమీది పాత ఫోను దులిపి అందులో తగిలిస్తే చాలావరకు మోగుతుంది.

కనుక "ల్యాండ్‌లైన్ కావాలా?" అనేది చాలా ఇళ్లలో డబ్బుల ప్రశ్న కానే కాదు. విడిగా నెలనెలా అద్దె కట్టి, ఇంటర్నెట్ లేని పాత రాగి లైనుని ఉంచుకున్నవాళ్లకి మాత్రం అది ప్రశ్నే. నా మట్టుకు నేనైతే ఆ డబ్బు కట్టను. పరికరం చెడ్డదని కాదు, దాన్ని చూసుకునే మనుషులు తగ్గారు. 2020 జనవరి ఆఖరున స్వచ్ఛంద పదవీ విరమణ కింద ఒక్క బీఎస్ఎన్ఎల్ నుంచే 78 వేల మందికి పైగా వెళ్లిపోయారు. వీధి పెట్టెలో ఏ జత తీగ ఎవరింటిదో చూడకుండా చెప్పగలిగిన జాయింటర్లు అలాంటివాళ్లలోనే ఉండేవారు. రోడ్డు తవ్వి కేబులు తెగితే అతికే చెయ్యి ఎప్పుడొస్తుందో తెలియని లైను మీద భరోసా పెట్టుకోవడం నాకు సబబనిపించదు.

అపోహ: ఉరుముతున్నప్పుడు సెల్లు ఆపేసి ల్యాండ్‌లైన్లో మాట్లాడాలి

ఇది ప్రాణం మీదికి తెచ్చే తప్పు, ఎందుకంటే నిజం దీనికి సరిగ్గా తలకిందులు. సెల్‌ఫోను పిడుగుని పిలవదు. పొలంలో పిడుగుపడి చనిపోయినవాళ్ల చేతిలో ఫోను ఉందని వార్త రాగానే నింద దాని మీద పడుతుంది. అక్కడ ప్రమాదం ఫోను కాదు, చుట్టూ ఏ అడ్డూ లేని చేలో నిలబడి ఉండటం, లేదా ఒంటి చెట్టు కిందికి చేరడం. ఇంట్లో కూర్చుని, చార్జరు తగిలించకుండా సెల్లులో మాట్లాడితే భయం లేదు.

తీగ ఉన్న ఫోను సంగతి వేరు. మైళ్ల కొద్దీ నేలలోంచో స్తంభాల మీదుగానో వచ్చే రాగి తీగ ఆఖరి కొస మన చెవి దగ్గర ఉంటుంది. దారిలో ఎక్కడ పిడుగు పడినా ఆ పోటు తీగ పట్టుకుని రావచ్చు. ఎక్స్ఛేంజీలో దాన్ని నేలకి దింపే రక్షణ ఉంటుంది, కానీ అది ముందుగా కాపాడేది ఎక్స్ఛేంజీని. ఉరుము వినగానే మోడెం తీగ పీకేసే అలవాటు పాతకాలం ఇంటర్నెట్ వాడినవాళ్లకి ఊరికే రాలేదు, ఎన్నో మోడెములు మాడిపోయాక వచ్చింది. ఫైబర్‌లో గాజుపోగు గుండా కరెంటు రాదు. అయినా పెట్టె అడాప్టరు గోడ ప్లగ్గులోనే ఉంటుంది, దాన్ని తీసేయడం మేలు. పిడుగులు దగ్గర్లో పడే సూచన ఉంటే పుణె వాతావరణ సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ సెల్లులోనే చెబుతుంది. ఈ విషయంలో సెల్లే మిత్రుడు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. "రేడియేషన్ భయం లేదని ల్యాండ్‌లైన్ వాడుతున్నాం" అనేవాళ్ల ఇళ్లలో తరచు నాకు కనపడేది కార్డ్‌లెస్ ఫోను. అదీ రేడియో తరంగాల మీదే నడుస్తుంది. రేడియో వద్దనుకుంటే మెలికల తీగ ఉన్న పాత రిసీవరే పెట్టుకోవాలి.

అపోహ: లైను తీసేస్తే నంబరు పోతుంది

మా తరానికి ఈ బెంగ అర్థమవుతుంది. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన రోజులవి. సొంత ఫోను లేనివాళ్లు శుభలేఖ మీద పక్కింటివాళ్ల నంబరు వేయించి, చివర "పీపీ" అని అచ్చు వేయించేవారు. ఫోనొస్తే ఆ ఇంటి పిల్లాడు గోడ మీంచి కేకేసేవాడు. అలా సంపాదించిన నంబరుని వదులుకోవడం ఇంటిపేరు మార్చుకున్నట్టే ఉంటుంది.

అయితే ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. అదే సంస్థలో రాగి నుంచి ఫైబర్‌కి మారితే సాధారణంగా పాత నంబరే ఉంచుతారు, మా పెద్దమ్మకి ఉంచినట్టే. దరఖాస్తులోనే ఆ మాట రాయించుకోండి. ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీకి వెళ్తే మాత్రం నంబరు వెంటరాదు. నంబరు మార్చకుండా కంపెనీ మార్చే వీలు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉన్నది మొబైల్‌కి మాత్రమే. ఇల్లు కొన్నాళ్లు తాళం వేసి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు బీఎస్ఎన్ఎల్ అయితే సేఫ్ కస్టడీ, అంటే నంబరు పోకుండా లైను తాత్కాలికంగా ఆపి ఉంచడం, అడగవచ్చు.

లైను అక్కర్లేదనుకున్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. "బిల్లు కట్టడం మానేస్తే వాళ్లే కట్ చేస్తారు" అనుకుంటారు. కట్ చేస్తారు, బాకీ మీ డిపాజిట్లోంచి మినహాయించుకుంటారు. సరెండర్ దరఖాస్తు ఇచ్చి, వాళ్ల పరికరం వాళ్లకి అప్పగించి రసీదు తీసుకుంటే ఆ డిపాజిట్ మీది. చిరునామా రుజువుకి ల్యాండ్‌లైన్ బిల్లు ఉండాల్సిందే అని ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. కరెంటు బిల్లుకీ పోస్ట్‌పెయిడ్ సెల్లు బిల్లుకీ లేని విలువ బ్యాంకులో దానికేమీ లేదు.

మోసగాళ్లు సెల్లుకే చేస్తారన్న ధైర్యం కూడా వదిలేయండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరు చెప్పి "రెండు గంటల్లో మీ ఫోను కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అనే రికార్డు ఇంటి ఫోన్లకీ వస్తోంది. ట్రాయ్ ఎవరి ఫోనూ కట్ చేయదు, ఎవరికీ అలా ఫోన్ చేయదు. తొమ్మిది కాదు, రిసీవరు పెట్టేయడమే జవాబు.

అపోహ: పెద్దవాళ్లకి ల్యాండ్‌లైనే మేలు

అన్నిటికన్నా గట్టి వాదన ఇదే, నేనూ కొంత దీని పక్షమే. ఇంటి ఫోను ఎక్కడ పెట్టామా అని వెతుక్కోనక్కర్లేదు. పొరపాటున సైలెంట్‌లోకి పోదు. గంట వీధి గుమ్మం దాకా వినపడుతుంది. మీటల మీద అంకెలు కళ్లజోడు లేకున్నా తెలుస్తాయి. మనవలు అమెరికా నుంచి వాట్సాప్‌లో చేసినా, ఎదురింటావిడ చేసేది మాత్రం దీనికే.

కానీ ఫోను హాల్లో, మనిషి స్నానాలగదిలో జారిపడి ఉంటే? పెద్దవాళ్లు తరచు పడే చోట్లలో అదొకటి. పెద్ద మీటల చిన్న సెల్లు మెడలో తాడుకి వేసుకుంటే ఆ పూట అదే ఉపయోగం. 108కి చేసేటప్పుడు ల్యాండ్‌లైన్ అయితే అడ్రసు వాళ్లకే తెలిసిపోతుందన్న నమ్మకం మీద మాట్లాడకుండా ఉండిపోవద్దు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాటి నుంచీ 108 వాళ్లు ఊరూ గుర్తూ అడుగుతూనే ఉన్నారు. ఫోను పక్కనే గోడకి పెద్ద అక్షరాలతో అడ్రసు, దగ్గరి గుడో బడో రాసి పెట్టండి. కంగారులో సొంత వీధి పేరు కూడా నోటికి రాదు.

ఇంకో చిన్న చిక్కు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లో సెల్లు నంబరు కొట్టాలంటే ముందు సున్నా చేర్చాలి. చాలామంది పెద్దవాళ్లు పది అంకెలూ సరిగ్గా కొట్టి, రికార్డు మాట విని, ఫోను చెడిపోయిందనుకుని పెట్టేస్తారు.

లోతట్టు గదుల్లో సెల్లు సిగ్నలు అందని ఇళ్లకి కూడా ఒకప్పుడు ల్యాండ్‌లైనే గతి. ఇప్పుడు వైఫై ఉంటే సెల్లులోనే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు. 2019 డిసెంబర్, 2020 జనవరిలో ఎయిర్‌టెల్, జియో దాన్ని మొదలుపెట్టాయి. సెట్టింగుల్లో ఒక్క మీట, అంతే.

మన దగ్గరే కాదు ఈ గొడవ. బ్రిటన్‌లో రాగి ఫోన్ల వ్యవస్థను మొత్తంగా ఆపేయాలని 2025 చివరికి పెట్టుకున్న గడువుని 2027 జనవరికి జరిపారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మెడలోని అత్యవసర మీటలు ఆ లైన్ల మీదే నడుస్తుండటం ఒక పెద్ద కారణం. 

పెద్దమ్మ ఇంటికి దసరాకి వెళ్లినప్పుడు రూటర్ యూపీఎస్ ఒకటి తీసుకెళ్లి బిగించాను. గోడ క్యాలెండరు మీద నా నంబరుకి ముందు ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా పెట్టాను. కార్తీకంలో ఓ రాత్రి ఫోను మోగింది. "కరెంటు పోయిందిరా. ఇది పలుకుతోందో లేదో చూద్దామని చేశాను. పలుకుతోంది. సరే, పెట్టేస్తున్నా, బ్యాటరీ అయిపోతుంది."