సంకల్పానికి ప్రతినిధి లేడు

నిత్యపూజ మొదలు సత్యనారాయణ వ్రతం వరకు, ఉపనయనం మొదలు షష్టిపూర్తి వరకు మన ఇళ్లలో జరిగే ప్రతి శుభకార్యం సంకల్పంతోనే ఆరంభమవుతుంది. ఆచమన ప్రాణాయామాలు ముగిసిన పిమ్మట, కర్త తానెవరో, ఎక్కడ ఉన్నాడో, ఏ కాలంలో ఉన్నాడో, ఏమి చేయబోతున్నాడో స్పష్టంగా పలికి ఉదకాన్ని స్పృశిస్తాడు. నేడు అనేక గృహాలలో ఈ ఘట్టం పురోహితుని గొంతులోనే సాగిపోతున్నది. 'గోత్రనామాలు చీటీ మీద రాసి ఇచ్చాము కదండీ, మీరే చెప్పేయండి పంతులుగారూ' అనడం పరిపాటి అయినది. ఒక చేతిలో అక్షతలు, మరొక చేతిలో సెల్‌ఫోను! నైవేద్యంలో ఉప్పు తగ్గితే కలవరపడే భక్తులు, సంకల్పంలో తమ మనస్సు లేకపోవడాన్ని లోపంగా తలచడం లేదు. నిజానికి పూజలో ఇతరులకు అప్పగించరాని భాగం అదే.

కాలప్రవాహంలో నేటి దినం

సంకల్పవాక్యం మహాకాలంతో మొదలై నేటి దినానికి దిగివస్తుంది. మొదట శ్వేతవరాహ కల్పం. కల్పమంటే బ్రహ్మదేవునికి ఒక పగలు, మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. అందులో 14 మన్వంతరాలు, వాటిలో ఏడవది వైవస్వతం. అందులో ఇది 28వ మహాయుగం. ఆ మహాయుగంలో 4,32,000 సంవత్సరాల కలియుగం, దాని ప్రథమ పాదం. పిదప సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. దేశం కూడా అట్లే జంబూద్వీపం నుండి భరతవర్షానికి, అక్కడి నుండి మన ప్రాంతానికి దిగుతుంది. మన అనకాపల్లి వంటి చోట శ్రీశైలానికి ఈశాన్యమని, గంగాగోదావరుల నడిమి దేశమని చెప్పుకుంటాము. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి అక్కడి దేవాలయాలలో క్రౌంచద్వీపమని చెప్పే ఆచారం ఏర్పడినది. ఎక్కడ నిలిచినవాడు అక్కడి పేరే చెప్పాలి.

ఈ క్రమంలో ఒక గొప్ప హెచ్చరిక దాగి ఉన్నది. ప్రభవ మొదలు అక్షయ వరకు గల 60 సంవత్సరాలలో ఏ పేరు మరల వినాలన్నా 60 ఏళ్లు గడవాలి. అందుకే జన్మసంవత్సరం తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి జరుపుకుంటాము. సామాన్యంగా మానవజీవితంలో ఒక పేరు గల సంవత్సరం ఒక్కసారే వస్తుంది. దీర్ఘాయుష్మంతులకు కొన్ని రెండుసార్లు వస్తాయి. కోట్ల సంవత్సరాల ప్రస్తావన తరువాత ఈ తిథి, ఈ వారం అని పలకడంలోని ఆంతర్యం ఇదే. నీ అధీనంలో ఉన్నది ఈ ఒక్క దినమే, దానిని తెలిసి గడపమని.

'కరిష్యే' అను క్రియ

సంకల్పం 'కరిష్యే' అను క్రియతో ముగుస్తుంది. 'చేయగలను' అని దాని భావం. సంస్కృతంలో ఇదే అర్థానికి 'కరిష్యామి' అని కూడా ఉన్నది. మరి సంకల్పంలో మొదటిదే ఎందుకు? క్రియాఫలం కర్తకే చెందునప్పుడు ఈ ధాతువుకు ఆత్మనేపదం రావాలని పాణిని వ్యాకరణం విధిస్తున్నది. అందుకే తన కోసం యజ్ఞం చేసే యజమాని విషయంలో 'యజతే' అని, అతని కొరకు చేసే ఋత్విక్కు విషయంలో 'యజతి' అని అంటారు. పురోహితుడు మంత్రం అందించవచ్చు, తప్పు సరిదిద్దవచ్చు. కాని 'కరిష్యే' అన్న క్రియ యజమానిదే.

పూర్వమీమాంసలో జైమిని మహర్షి ఈ విషయాన్ని మరింత లోతుగా చర్చించాడు. యాగానికి వ్రీహిధాన్యం లభించకపోతే నీవారధాన్యం వాడవచ్చు. సోమలత దొరకకపోతే పూతీకం గ్రహించవచ్చు. ద్రవ్యానికి ప్రతినిధి ఉన్నది. ఫలం కోరి కర్మకు పూనుకున్న యజమానికి మాత్రం ప్రతినిధి లేడని నిర్ణయం. వస్తువు మారవచ్చును గాని, పూనిక మరొకరిది కారాదు.

ఇది పూజామందిరానికి పరిమితమైన నియమం కాదు. పిల్లవాడు ఏ చదువు చదవాలి, అమ్మాయికి ఏ సంబంధం ఖాయం చేయాలి, అన్నదమ్ముల తగవు ఎట్లా తీర్చుకోవాలి అని కొందరు పురోహితులనే అడుగుతుంటారు. పెద్దల సలహా అడగడం మంచిదే. నిర్ణయభారాన్ని కూడా వారికే ఒప్పగించి, ఫలితం వికటించినప్పుడు గ్రహాలను నిందించడం మంచిది కాదు. ముహూర్తం ఎప్పుడు చేయాలో చెబుతుంది; ఏమి చేయాలో చెప్పదు. మన ఊరి గవరపాలెంలో కొలువైన నూకాంబిక అమ్మవారిని కొత్త అమావాస్యనాడు వేలాదిగా దర్శించుకుంటాము. మరునాడు ఉగాది పంచాంగ శ్రవణంలో ఆదాయవ్యయాలు వింటాము. వ్యయం అధికమని విన్నవాడు ఖర్చు తగ్గించుకుంటే పంచాంగం సార్థకం. నిట్టూర్చి ఊరకుంటే ఆ శ్రవణం వ్యర్థం.

దైవమా? పౌరుషమా?

సంకల్పంలోనే 'ఉపాత్త' అను పదం ఒకటి ఉన్నది. నశించాలని మనం కోరే దురితాలకు అది విశేషణం. 'సంపాదించుకొన్నవి' అని అర్థం. అవి ఎవరో మన నెత్తిన పెట్టినవి కావు, మనం కూడబెట్టుకున్నవే. ఈ అంగీకారం లేనిదే ముందడుగు లేదు.

యోగవాసిష్ఠంలోని రెండవదైన ముముక్షు వ్యవహార ప్రకరణంలో, విరక్తుడై కూర్చున్న శ్రీరామునికి వసిష్ఠ మహర్షి బోధించినది ఈ విషయమే. దైవమని మనం పిలిచేది పూర్వం మనమే చేసిన ప్రయత్నమని, నేటి ప్రయత్నం దానితో తలపడగలదని మహర్షి సిద్ధాంతం. ఆ రెండింటినీ ఢీకొనే రెండు పొట్టేళ్లతో పోల్చాడు. బలమైనది గెలుస్తుంది. నిన్నటి అజీర్ణాన్ని నేటి పథ్యం సరిచేసినట్లు, నిన్నటి దోషాన్ని నేటి సత్ప్రయత్నం సరిచేయగలదు.

మెలకువే సాధన

అయితే పూనిక ఒక్కటే చాలదు, మెలకువ కావాలి. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోను, ఇంద్రియాలను గుర్రాలతోను, మనస్సును కళ్లెంతోను, బుద్ధిని సారథితోను పోల్చినది. సారథి కునికితే గుర్రాలు తమకు తోచిన దారిన పోతాయి. యజమాని రథంలో ఉన్నాడనే మాటేగాని, ప్రయాణం గుర్రాలది.

అనకాపల్లి వారికి ఈ విషయం బెల్లం పెనం వద్ద తేలికగా బోధపడుతుంది. చెరకురసం మరుగుతుండగా సున్నం వేస్తారు, తెట్టు తీస్తారు, మంట ఎగదోస్తారు. ఇదంతా నలుగురు కలిసి చేసే పని. పాకం వచ్చే వేళకు మాత్రం వండేవాడు చూపు మరల్చడు. చల్లని నీటిలో చుక్క వేసి, అది వేళ్లకు ఉండ కడుతున్నదో లేదో చూస్తాడు. క్షణం ముందు దించితే దిమ్మ గట్టిపడదు, క్షణం ఆలస్యమైతే మాడు వాసన. మన మాట, కోపం, ఖర్చు, తిండి అన్నింటికీ అటువంటి పాకం ఒకటి ఉన్నది. పరుషవాక్యం నాలుక దాటక ముందు ఒక్క క్షణం చూసుకోగలిగినవాడు సారథి మేలుకొని ఉన్నవాడు.

శరణాగతికి ఇది విరోధమా?

'అంతా ఈశ్వరేచ్ఛ కదా, మన చేతిలో ఏమున్నది?' అని భక్తులకు సందేహం కలుగవచ్చు. గీత చివరి అధ్యాయాన్ని గమనించండి. సమస్తం బోధించిన పిమ్మట శ్రీకృష్ణ పరమాత్మ, చక్కగా విచారించి నీకు తోచినట్లు చేయమని అర్జునునికే విడిచిపెట్టాడు. ఆ తరువాతనే శరణు వేడమన్నాడు. రెండవ అధ్యాయంలో యుద్ధం చేయనని చతికిలబడిన అర్జునుడు, పద్దెనిమిదవ అధ్యాయం 73వ శ్లోకంలో భగవంతుని మాట నెరవేరుస్తానని లేచాడు. అక్కడ అతడు వాడిన క్రియ 'కరిష్యే'. మన సంకల్పంలోని క్రియయే! భగవంతుడు సారథిగా కూర్చున్నా, గాండీవం ఎత్తవలసినది అర్జునుడే. శరణాగతి కూడా మెలకువతో చేసిన నిర్ణయమే తప్ప నిర్ణయాన్ని తప్పించుకొనే మార్గం కాదు.

కావున సంస్కృతం రానివారు సంకోచించనవసరం లేదు. ఉదయం దేవుని గదిలోనో, తులసికోట వద్దనో దీపం వెలిగించి, నేటి తిథివారాలు, మీ పేరు, మీరు ఈ దినం తప్పక చేయదలచిన ఒక్క పని తెలుగులోనే పలకండి. అది ఈ రోజే ముగియగల పని కావాలి. అత్తగారితో నెమ్మదిగా మాట్లాడడం కావచ్చు, వాయిదా వేస్తున్న అప్పు తీర్చడం కావచ్చు. సంధ్యాదీపం వేళ అది జరిగినదో లేదో చూసుకోండి. జరగకపోతే మరునాటి సంకల్పం అదే. జరిగితే, యాగంలో ఆహుతి వేసి 'న మమ' అన్నట్లు, ఆ ఫలాన్ని స్వామికి అర్పించండి. పని నాది, ఫలం నాది కాదు. ఈ రెంటి నడుమ మేలుకొని ఉండడమే మన పెద్దలు చూపిన జీవనవిధానం.