మీకు తెలుసా? మైనస్ 20లోనూ గడ్డకట్టని యాంటీబాడీ చుక్క

ప్రోటీన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ తెరిస్తే, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో మోనోక్లోనల్ యాంటీబాడీలు కనిపిస్తాయి. చాలా గొట్టాలను వంచి చూస్తే లోపలి ద్రవం కదులుతుంది. అంత చలిలోనూ గడ్డకట్టదు! అందులో సగం గ్లిజరాల్ మరి.

యాంటీబాడీ కూడా ప్రోటీనే. నీళ్లు మంచుగా మారుతుంటే అందులోని ప్రోటీన్లు, లవణాలు మిగిలిన కాస్త తడిలో కిక్కిరిసిపోతాయి. మడతలు చెదిరిన ప్రోటీన్లు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ ఇంకొంత పాడవుతుంది. అందుకే గ్లిజరాల్ కలపని యాంటీబాడీని ముందే చిన్న చిన్న వాటాలుగా పంచి దాస్తారు. ఏ రోజు వాటా ఆ రోజే కరుగుతుంది. అలాగని మరీ చిన్న వాటాలూ వద్దు: పది మైక్రోలీటర్ల కంటే తగ్గితే గొట్టం గోడకు అంటుకుని పోయేదే ఎక్కువ. మంచు పేరుకోని ఫ్రీజర్లూ పనికిరావు. మంచు కరిగించుకోవడానికి అవి తమంతట తామే వేడెక్కుతుంటాయి.

ఇంతకీ ఈ మోనోక్లోనల్ యాంటీబాడీలు ఎలా వచ్చాయి? 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ కణాన్ని, చావులేని క్యాన్సర్ కణంతో కలిపారు. ఆ జంటకణం సంతతి అంతా ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తూ పోయింది. 1984లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంత గొప్ప పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు! ప్రపంచంలోని ల్యాబులన్నీ దాన్ని అందిపుచ్చుకోగలిగాయంటే అదీ ఒక కారణమే.

మళ్లీ నిల్వ సంగతికి వస్తే, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచే యాంటీబాడీలో సూక్ష్మజీవులు పెరగకుండా 0.02 శాతం సోడియం అజైడ్ కలుపుతారు. అయితే ప్రోటీన్లను ఒక పొర మీదకు ఎక్కించి యాంటీబాడీతో వెతికే వెస్టర్న్ బ్లాట్‌లో వెలుగు పుట్టించే పెరాక్సిడేజ్ ఎంజైమును ఈ అజైడే అణిచేస్తుంది. ఆ ఎంజైము తగిలించిన యాంటీబాడీలో అజైడ్ కలపకూడదు.

బ్లాట్‌లో యాంటీబాడీ కనబడ్డచోటల్లా అతుక్కోకుండా పొరను ముందుగా దేనిలో నానబెడతారో తెలుసా? వెన్నతీసిన పాలపొడి కలిపిన ద్రావణంలో! ఫాస్ఫేట్ అతికిన ప్రోటీన్లను వెతికేటప్పుడు మాత్రం పాలు ఇబ్బంది పెట్టవచ్చు. పాలలోని కేసీన్‌కూ ఫాస్ఫేట్లు ఉంటాయి. అప్పుడు ఆవు రక్తంలోని ఆల్బుమిన్ వాడతారు.

మోనోక్లోనల్ యాంటీబాడీ ప్రోటీన్‌లో ఒక్క చిన్న భాగాన్నే పట్టుకుంటుంది. బ్లాట్ కోసం ప్రోటీన్‌ను మరిగించి విప్పేస్తే ఆ భాగం ఆకారం చెదిరిపోవచ్చు. ప్రోటీన్‌ను మరిగించకుండానే పరీక్షించే ఎలైసాలో చక్కగా పనిచేసిన యాంటీబాడీ బ్లాట్‌లో ఏమీ చూపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.