మౌత్ ఆర్గాన్ స్క్రూలు: అతి బిగింపు తెచ్చే చేటు

మౌత్ ఆర్గాన్‌కు రీడ్ ప్లేట్లు సొంతంగా మార్చుకునేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. స్క్రూ ఎంత గట్టిగా బిగిస్తే గాలి అంత తక్కువ లీకవుతుందట. ఇది నమ్మి కొత్త ప్లేట్లను మొదటి రోజే పాడుచేసుకుంటున్నారు. వాయించి వాయించి రీడ్ విరిగిందంటే అర్థముంది. మనమే చేజేతులా వంచేస్తే ఎలా?

గాలిని ఆపేది చదును. ప్లేటు అడుగు, కోంబ్ (రెండు ప్లేట్ల నడుమ ఉండే గాలి గదుల చట్రం) పైభాగం రెండూ సమంగా ఉంటే మామూలు బిగింపే చాలు. కోంబ్ వంకరగా ఉంటే ఎంత తిప్పినా ఆ సందు పోదు, ప్లేటే ఆ వంకర మీదికి వంగుతుంది. హోనర్ మెరైన్ బ్యాండ్, స్పెషల్ 20 లాంటి వాటిలో ఇత్తడి ప్లేటు మందం 0.9 మిల్లీమీటర్లు మాత్రమే. రీడ్‌కూ దాని గాడి అంచుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. ప్లేటు కాస్త వంగినా రీడ్ అంచుకు రాసుకుని జరజరమంటుంది. అప్పుడు ‘ప్లేటే నాసిరకం’ అని ఇంకో సెట్టు కొంటారు, దాన్నీ అలాగే బిగిస్తారు. ఇక్కడే నాకు ఓపిక నశిస్తుంది. జరజర వినబడితే ముందు ఆ రీడ్ దగ్గరి స్క్రూను పావు చుట్టు వదులు చేసి వాయించి చూడండి. శబ్దం పోతే తప్పు ప్లేటుది కాదు.

‘చిన్న స్క్రూ ఏదైనా పడుతుంది’ అనేది ఆ అతి బిగింపు నమ్మకానికి తోబుట్టువే. కొన్ని మోడళ్లలో స్క్రూ కోంబ్‌లోకే దిగుతుంది. కొన్నింటిలో కోంబ్‌ను దాటి అవతలి ప్లేటు మరలో పడుతుంది. ఆ మర M1.6 అనుకుందాం, దాని పిచ్, అంటే ఒక్కో చుట్టుకు మధ్య దూరం, 0.35 మిల్లీమీటర్లు. 0.9 మిల్లీమీటర్ల ఇత్తడిలో పట్టేది రెండున్నర చుట్లే. కళ్లజోళ్లలో ఎక్కువగా వాడే M1.4 స్క్రూ అందులో వదులుగా ఆడుతుంది. లావు స్క్రూను బలవంతంగా దింపితే ఆ రెండున్నర చుట్లూ కోసుకుపోతాయి, ఇక అసలు స్క్రూ దొరికినా నిలవదు. అందుకే పాత స్క్రూలను వాటి రంధ్రాల వరసలోనే కాగితం మీద పేర్చి పెట్టుకోవాలి. ఒకటి పోతే మీ మోడల్ పేరు చెప్పి అదే తెప్పించుకోవాలి.

స్క్రూడ్రైవర్ విషయంలోనూ ఇంతే. ప్లస్ తల కనబడితే ఫిలిప్స్ అనుకుంటారు. తల మీద ప్లస్‌కు మధ్యమధ్యన సన్నని గీతలుంటే అది పోజీడ్రైవ్. వేరే మొన పెట్టి తిప్పితే జారి తల అరిగిపోతుంది, జారిన మొన రీడ్ల మీద పడితే మరీ ప్రమాదం.

‘ప్లేట్లు మార్చడం కన్నా కొత్తది కొనుక్కోవడమే మేలు’ అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టేయలేను. చౌక వాయిద్యాలకు అది నిజం. మంచివాటిలోనూ ప్లేట్ల సెట్టు ధర కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటే మార్చడంలో అర్థం లేదు. మేకులతో బిగించిన 1896 నాటి మెరైన్ బ్యాండ్ నమూనాకు స్క్రూలు పెట్టాలంటే రంధ్రాలు వేసి మర కోయాలి. అది కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సిన పని కాదు. లీ ఆస్కర్ లాంటివి అలా కాదు, ప్లేట్లు మార్చుకునేలానే తయారయ్యాయి.

ఇలాంటి నమ్మకాలే ఇంకొన్ని. మౌత్ ఆర్గాన్‌ను నీళ్లలో నానబెడితే స్వరం బాగుపడుతుందా? చెక్క కోంబ్ ఉబ్బుతుంది, అంతే. ప్లేట్లు అటుదిటు మారినా ఫరవాలేదా? ఊదే రీడ్లు కోంబ్ లోపలివైపు, పీల్చే రీడ్లు బయటివైపు ఉండాలి, కాబట్టి కుదరదు. స్వరం తగ్గిన రీడ్‌ను కడిగితే తిరిగొస్తుందా? మురికి పట్టి తగ్గితే రావచ్చు, రివెట్ దగ్గర సన్నని పగులు పడి తగ్గితే రాదు.

బిగించేటప్పుడు నడుమ నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకు రండి. మొదటి విడతలో స్క్రూలన్నీ తల ప్లేటును తాకేదాకా, రెండో విడతలో కాస్త. ప్లాస్టిక్ కోంబ్ అయితే స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. పాత మరలోకి టిక్కుమని దిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పండి. పై కవర్లు వేయకముందే ఇరవై రీడ్లూ ఒక్కొక్కటిగా వాయించి చూసుకోండి.