చుక్కల మధ్య కదిలే చుక్క.. గ్రహశకలం

భూమికి చేరువగా వచ్చే గ్రహశకలం చిన్న టెలిస్కోపులో నక్షత్రంలాగే కనిపిస్తుంది. కదలికే దాని గుర్తు. కొన్ని నిమిషాల తేడాతో తీసిన ఫొటోలను పోల్చితే, నక్షత్రాల మధ్య జరిగిన చుక్క బయటపడుతుంది. ఔత్సాహిక పరిశీలకులు దాని స్థానాన్ని, కచ్చితమైన సమయాన్ని కొలిచి అమెరికాలోని మైనర్‌ ప్లానెట్‌ సెంటర్‌కు పంపుతుంటారు. కక్ష్యను తేల్చేవి ఇలాంటి కొలతలే.

అపోఫిస్‌ గ్రహశకలమే ఇందుకు నిదర్శనం. అది 2029లో భూమిని ఢీకొనే అవకాశం 2.7 శాతమని 2004 డిసెంబరులో లెక్కగట్టారు. అదే ఏడాది మార్చి నాటి చిత్రాల్లో దాని జాడ దొరకడంతో ఆ ముప్పు లేదని తేలింది. కనీసం వందేళ్లపాటు ప్రమాదం లేదని 2021లో నాసా ప్రకటించింది. భారత కాలమానం ప్రకారం 2029 ఏప్రిల్‌ 14 తెల్లవారుజామున అది సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమిని దాటిపోనుంది. ఆ సమయంలో ఐరోపా, ఆఫ్రికా ప్రాంతాల వారికి టెలిస్కోపు లేకుండానే కనిపించనుంది.