పొత్తిగుడ్డల పద్దు

ఆదిలాబాదు నల్లరేగడి పత్తికి పుట్టినిల్లు. 2016 వఱకు కరీంనగరము జిల్లాలో నుండిన సిరిసిల్ల మగ్గముల పట్టణము. అట్టి సీమయందును నేడు పసిబిడ్డలకు అంగడి డైపర్లే చుట్టుచున్నారు. ఏది చౌకయో విచారింతము.

డైపరు వెల 10 రూపాయలనియు, దినమునకు 6 వలయుననియు నెంచిన నెలకు 1,800, రెండేండ్లకు 43,200 రూపాయలగును. నూలు పొత్తిగుడ్డలు రెండు డజనులు, ఒక్కొక్కటి 40 చొప్పున 960. సబ్బునకు నెలకు 100 చొప్పున 2,400. వెరసి 3,360 మాత్రమే. పాత ధోవతులు చింపి కుట్టుకొన్న నింకను తగ్గును.

కాని యీ పద్దులో తల్లి కష్టము చేరలేదు. ఉతుకుటకు దినమున కొక గంట పట్టిన రెండేండ్లకు 730 గంటలు! మిగిలిన 39,840 రూపాయలను వానికి పంచిన గంటకు సుమారు 55 రూపాయలు. ఆదిలాబాదు చలిలో చన్నీళ్లలో చేతులుంచి ఆమె యింటికి ఆర్జించినది ఇదియే. గుడ్డ చౌక యనువారు ఆ కూలిని మఱచుచున్నారు.

కావున పగలు గుడ్డయు, రాత్రివేళ, ప్రయాణములందు డైపరును మేలని మా యభిప్రాయము. మిగిలిన ధనము తల్లి పేరనే దాచవలెను. ఉతుకుటలో తండ్రియు చేయి వేయవలెను.