బొమ్మ అంచుకు అవతల

1715లో ఆమ్‌స్టర్‌డామ్ నగర భవనంలో గోడకు సరిపోవడం లేదని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ చిత్రాన్ని నాలుగు పక్కలా కోసేశారు. 1642 నాటి ఆ పెద్ద చిత్రానికి ఎడమ పక్కనే సుమారు 60 సెంటీమీటర్ల ముక్క పోయింది. దానితోపాటే ఇద్దరు మగవాళ్లు, ఒక పిల్లవాడు పోయారు. అంతకుముందు, బొమ్మలోని కాపలా దళానికి దళపతి కాస్త కుడివైపు ఉండేవాడు, దళం ముందుకు సాగడానికి ఎడమన ఖాళీ చోటు ఉండేది. కోత తర్వాత ఆయన నట్టనడుమకు వచ్చేశాడు, ఆ నడక వేగం తగ్గింది. కోసిన ముక్కలు నేటికీ దొరకలేదు.

2021 జూన్‌లో, ఆ చిత్రం ఉన్న రైక్స్‌మ్యూజియం ఆ అంచులను కృత్రిమ మేధ సాయంతో మళ్లీ తయారుచేసింది. అందుకు ఆధారం ఒక నకలు. చిత్రాన్ని కోయకముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు దాన్ని చూసి చిన్న సైజులో మరొకటి గీశాడు. అది లండన్ నేషనల్ గ్యాలరీది. అయితే అతని కొలతల్లో తేడాలున్నాయి, రంగుల తీరూ వేరు. రాబర్ట్ ఎర్డ్‌మన్ అనే శాస్త్రవేత్త రెండు బొమ్మల్లోనూ ఉన్న భాగాన్ని పోల్చి, లుండెన్స్ పనిని రెంబ్రాంట్ పనిలా మార్చడం న్యూరల్ నెట్‌వర్కులకు నేర్పించారు. నేర్చుకున్న దాన్ని, నకలులో మాత్రమే మిగిలిన అంచులకు వర్తింపజేశారు. అలా వచ్చిన పట్టీలను ముద్రించి, అసలు చిత్రానికి తగలకుండా పక్కన అమర్చి, కొన్ని నెలలు ప్రదర్శించి తీసేశారు. ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం. యంత్రం ఏ ఆధారంతో ఏం గీసిందో ఇందులో దాపరికం లేదు.

ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో ఫొటోను పొడిగించే సాధనాల వెనుక లుండెన్స్ ఉండడు. వాటిలో చాలావరకు డిఫ్యూజన్ అనే పద్ధతిమీద నడుస్తాయి. శిక్షణలో కోట్ల బొమ్మల మీద అడ్డదిడ్డంగా చుక్కలు చల్లి, ఏది చుక్కో ఏది బొమ్మో విడదీయడం నేర్పుతారు. తర్వాత మనం చూపించిన ఖాళీని సాధనం అలాంటి చుక్కలతోనే నింపి, పక్కనున్న గోడకో చీర అంచుకో అతికేలా విడతలవారీగా తేటపరుస్తుంది. మొదటి చుక్కలు మారితే ఫలితమూ మారుతుంది. అందుకే ఒకే ఫొటోకు పదిసార్లు మీట నొక్కితే పది రకాల నేలలు వస్తాయి. పదీ నమ్మేలాగే ఉంటాయి. 2010 నాటి ఫొటోషాప్ అదే ఫొటోలోని ముక్కలను తెచ్చి అతికేది. ఇవి ఎక్కడో చూసిన లోకాన్ని తెచ్చి పెడతాయి.

చూసిన లోకంలో ఏది ఎక్కువో యంత్రం అటే మొగ్గుతుంది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో తయారైన ఒక సాధనానికి మసకగా ఉన్న ఒబామా ఫొటో ఇస్తే, స్పష్టమైన తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది.

మా ఇంట్లోనూ ఇలాంటిదే జరిగింది. అమ్మమ్మది మిగిలింది ఒక్క ఫొటో. స్టూడియోలో తాతయ్య పక్కన కుర్చీలో కూర్చుని తీయించుకున్నది. చెమ్మ తగిలి మోకాళ్ల కింద అంతా చెడిపోయింది. స్కాన్ చేసి, మొత్తం బాగుచేసి కిందికి పొడిగించమని అలాంటి ఒక సాధనానికి ఇచ్చాను. గీతలు పోయాయి, వెనక తెర చక్కబడింది. సంతోషంగా అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, “కాళ్లకు చెప్పులెక్కడివిరా? మా అమ్మ చెప్పులు వేసుకోగా నేను చూడలేదు,” అంది. తర్వాత వేలితో ముంజేతి మీద తడిమి, “పచ్చబొట్టు ఏదీ?” అంది.

పాత స్కాన్‌ను పెద్దది చేసి చూశాను. మణికట్టు పైన నాలుగైదు చుక్కలు, మధ్యలో చిన్న పువ్వు ఆకారం మసకగా ఉన్నాయి. సాధనానికి అవి చెమ్మ మచ్చలు. పక్క చర్మంతో కప్పేసింది. లేని చెప్పులు తొడిగింది, ఉన్న పచ్చబొట్టు చెరిపింది. రెండింటినీ అమ్మ గుర్తుపట్టింది గానీ, అమ్మ తర్వాతి తరానికి ఆ ఫొటో అందితే ఎవరు పట్టుకుంటారు?

మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి ఫొటో మొత్తాన్ని అప్పగించలేదు. గీతలు పడిన చోట్లను మాత్రమే సన్నని బ్రష్‌తో గుర్తించి ఇచ్చాను, చేతుల జోలికి పోలేదు. కింది భాగాన్ని మోకాళ్ల దగ్గరే కత్తిరించి ఫ్రేము కట్టించాం. చెడిపోయిన అసలు ఫొటోను కవరులో పెట్టి, ఆ ఫ్రేము వెనకే ఉంచాం.